పల్లీ లేని థాయ్ భోజనం

ఆ ఆదివారం పొద్దున్న మా అమ్మాయి ఎవరూ లేపకుండానే లేచింది. నేను వంటింట్లో పాలు పొంగకుండా చూసుకుంటూ ఉంటే, తలస్నానం చేసి, జుట్టు కొసల నుంచి నీళ్ళు కారుతుండగా వచ్చి గుమ్మంలో నిలబడింది.

"అమ్మా, నాకు టిఫిన్ వద్దు. కడుపులో చోటుంచుకోవాలి."

"మధ్యాహ్నం దాకా ఖాళీ కడుపుతో ఉంటావా?"

"ఉంటా."

పరీక్షల రోజున కూడా పదిసార్లు పిలిస్తే గాని దుప్పటి తీయని పిల్ల. పాలు దించి హాల్లోకి వచ్చి చూస్తే, మా అత్తగారు అప్పటికే గద్వాల చీర కట్టుకుని, మెడలో తులసిమాల సరిచేసుకుని, చెప్పులు గుమ్మం ముందు జతగా పెట్టుకుని మరీ సోఫాలో కూర్చున్నారు.

"ఇంకా చాలా టైముంది కదా అత్తయ్యా" అన్నాను.

"ఉంటే ఉండనియ్యి బిడ్డా. నేను తయారై కూసుంటే మీరు జల్ది తయారైతరు."

ఆ రోజు మేం నలుగురం హోటల్లో భోజనం చేయబోతున్నాం. ఇంతే సంగతి. ఇంకో ఇంట్లో అయితే అది వారం వారం జరిగే ముచ్చట. మా ఇంట్లో మాత్రం పెళ్ళికి తరలివెళ్తున్నంత హడావుడి. ఎందుకంటే మా అమ్మాయికి ఊహ తెలిశాక మేమందరం కలిసి ఏ హోటల్లోనూ కూర్చుని తిన్నది లేదు.

దానికి వేరుశనగ పడదు. పడదంటే నాలుగు దద్దుర్లు వచ్చి తగ్గిపోయే రకం కాదు. రెండేళ్ళ పిల్లప్పుడు వాళ్ళ నానమ్మ ముద్దుగా గోరంత పల్లిపట్టీ ముక్క నోట్లో పెట్టారు. చూస్తూ చూస్తుండగానే పెదవులు ఉబ్బాయి, ఏడుపు ఆగిపోయింది, గొంతులోంచి ఈల లాంటి చప్పుడు మొదలైంది. మావారు మా ఊరు సాతంరాయి నుంచి ఆరాంఘర్ వైపు హారన్ మీద చెయ్యి తీయకుండా కారు నడిపారు. దవాఖానలో ఇంజెక్షన్ పడ్డాక పిల్ల గట్టిగా ఏడ్చింది. ఆ ఏడుపు విని నేను నవ్వాను. డాక్టరమ్మ మమ్మల్ని కూర్చోబెట్టి, ఈ పిల్లకి జీవితంలో ఒక్క గింజ కూడా తగలకూడదని చెప్పింది.

మా అత్తగారిది సాతంరాయిలో తరాలుగా సేద్యం చేసిన కుటుంబం. పల్లి పచ్చడి లేకుండా అక్కడ పొద్దు గడిచేది కాదు. నా పుట్టిల్లేమో బాపట్ల వైపు. ఇసుక నేలల్లో వేరుశనగ చేలగట్ల మీద ఆడుకుంటూ పెరిగినదాన్ని. ఇద్దరి ఇళ్ళల్లోనూ ఆ గింజ చుట్టమే. అయినా దవాఖాన నుంచి వచ్చిన సాయంత్రమే మా అత్తగారు పల్లీల డబ్బా, పల్లినూనె క్యాను పక్కింటివాళ్ళకి ఇచ్చేసి, వంటిల్లు మొత్తం కడిగించారు. "ఇగ ఈ ఇంట్ల పల్లి పేరు ఇనపడొద్దు" అన్నారు. మర్నాటి నుంచి పచ్చళ్ళలోకి నువ్వులు వచ్చాయి. ఆ నువ్వుల పచ్చడి ఎంత బాగా కుదిరిందంటే, తర్వాత తర్వాత చుట్టాలు దానికోసమే వచ్చేవారు.

ఇంట్లో బాగానే గడిచింది. బయటే కష్టం. పెళ్ళిళ్ళకి వెళ్తే దాని డబ్బా దానికి. పుట్టినరోజు పార్టీలకి వెళ్తే అందరూ ప్లేట్లు పట్టుకుంటే అది మూత తీసుకునేది. ఎవరో ఒకరు వచ్చి "కొంచెం తింటే ఏం కాదులే" అనేవారు. నేను వెంటనే అందుకుని జబ్బు గురించి మొదలుపెట్టి వివరించేదాన్ని. చిన్నప్పుడు అది నా కొంగు పట్టుకుని వినేది. పెద్దయ్యాక నేను నోరు తెరవగానే తల దించుకోవడం మొదలుపెట్టింది.

అలాంటి పిల్ల పదమూడో పుట్టినరోజుకి ఏం కావాలే అంటే, "థాయ్ హోటల్లో భోజనం" అంది.

నేను చేతిలో గరిటె కింద పెట్టేశాను. "థాయ్ వంటల్లో వేరుశనగ ఎంత వాడతారో తెలుసా నీకు?"

"తెలుసు. వేటిల్లో వేస్తారు, వేటిల్లో వేయరు, అంతా చదివా. గ్రీన్ కర్రీలో వేయరు. నాకదే కావాలి."

ఆ కోరిక ఎక్కడ పుట్టిందో తర్వాత తెలిసింది. క్లాసులో దాని పక్కన కూర్చునే అమ్మాయి వాళ్ళ నాన్న విమానాల్లో పనిచేస్తాడు. వాళ్ళింట్లో ఆ కూర తరచూ చేస్తారట. "మూత తీయగానే ఒక వాసన వస్తుందమ్మా. నిమ్మకాయలా ఉంటుంది కానీ నిమ్మకాయ కాదు. నిమ్మగడ్డి అట. అందులో కొబ్బరిపాలు. నేను కాస్త వాసన చూసి డబ్బా దానికిచ్చేస్తా" అని నవ్వుతూ చెప్పింది. అది నవ్వింది గానీ నాకు ఆ మాట లోపల ఎక్కడో గుచ్చుకుని ఉండిపోయింది.

ఎయిర్‌పోర్టుకి వెళ్ళే దారిలో కొత్తగా ఒక థాయ్ రెస్టారెంటు తెరిచారు. ఫోన్ చేశాను. మా అమ్మాయికి వేరుశనగ ఎలర్జీ ఉందండీ అని ఇంకా వాక్యం ముగించకముందే, "నో ప్రాబ్లం మేడమ్, వచ్చేయండి" అన్నాడు అవతలి మనిషి. నేను స్కూల్లో లెక్కలు చెబుతాను. ప్రశ్న సగంలో ఉండగానే చెయ్యెత్తే పిల్లవాడి జవాబు ఎలా ఉంటుందో నాకు బాగా తెలుసు. రెండు రోజులాగి మళ్ళీ చేశాను. ఈసారి ఒక ఆడగొంతు ఎత్తింది. అంతా విని, "మధ్యాహ్నం తెరవంగనే రండి మేడమ్. జనం లేనప్పుడు వంటగది తీరికగ ఉంటది, మాట్లాడుకోవచ్చు" అంది. ఆ ఒక్క మాట నమ్ముకుని బయల్దేరాం.

కారెక్కేటప్పుడు నా సంచిలో మందుల డబ్బా, ఇంజెక్షన్ ఉన్నాయో లేవో మళ్ళీ చూసుకున్నాను. మా అత్తగారి ఒళ్ళోనూ ఒక సంచి ఉంది. మావారు పక్క సీటు వైపు చూసి, "అమ్మా, గా సంచిల ఏంది?" అన్నారు.

"జొన్నరొట్టెలు. ఎందుకన్న మంచిదని."

"హోటల్‌కు రొట్టెలు కట్కొని పోతరా ఎవరన్నా!"

"నీకెందుకురా? నా సంచి నేను మోసుకుంట. ఆడ నాకు నచ్చకపోతే ఏం తినాలె?"

వెనక సీట్లో మా అమ్మాయి పకపకా నవ్వింది. పెద్దరోడ్డు మీద ఎండ అప్పుడే చురుక్కుమంటోంది. ఒక విమానం రోడ్డుకి అడ్డంగా, చక్రాలు దించుకుని, మా కారు మీద నుంచే దిగుతున్నంత కిందికి వచ్చింది. మావారు ఎయిర్‌పోర్టు కార్గోలో పనిచేస్తారు. మాకు విమానాలు కొత్త కాదు. అయినా ఆ రోజు అందరం మెడలు వంచి చూశాం.

రెస్టారెంటు తలుపు తీయగానే చల్లటి గాలి, దాంతోపాటు ఆ వాసన. మా అమ్మాయి గుమ్మంలోనే ఆగిపోయింది.

"అమ్మా, అదే వాసన!"

"జర లోపలికి నడువే, నా కాళ్ళు గుంజుతున్నయ్" అన్నారు వాళ్ళ నానమ్మ, మనవరాలి వీపు మీద చెయ్యేసి నెడుతూ.

మేమే మొదటివాళ్ళం. బల్లలన్నీ ఖాళీ. ఒక పక్క నడుమెత్తు గట్టు, దాని వెనక వంటగది. మంట, కడాయిలు, తరిగేవాళ్ళ చేతులు అన్నీ కనిపిస్తున్నాయి. అది చూసి నాకు ఊరట కలిగింది. దాపరికం లేని వంటగది అంటే నాకు సగం ధైర్యం. మేం ఆ గట్టుకి దగ్గరగా ఉన్న బల్ల చూసుకుని కూర్చున్నాం.

ఫోన్‌లో మాట్లాడినావిడ ఎక్కడా కనిపించలేదు. ఆర్డరు తీసుకోవడానికి వచ్చినతను బక్కపలచగా, ఎంతో మర్యాదగా ఉన్నాడు. తెలుగు రాదు, హిందీలో మాట్లాడుతున్నాడు. బెంగాల్ నుంచి వచ్చాడట. నేను హిందీలో మొదలుపెట్టాను. పాపకి మూంగ్‌ఫలీ పడదు, ఒక్క పలుకు కూడా తగలకూడదు, నూనెలో కూడా ఉండకూడదు అన్నాను. అతను చిరునవ్వుతో తల ఊపి, "నో ప్రాబ్లం మేడమ్" అన్నాడు.

మళ్ళీ చెప్పాను. మళ్ళీ నో ప్రాబ్లం. ఈలోగా మా అత్తగారు తన తులసిమాల అతనికి చూపించి, తనకి తోచిన హిందీలో, "హమ్ కో మచ్చీ నై, ఝింగా నై, ముర్గీ నై, అండా భీ నై" అని వేళ్ళు మడిచి మరీ చెప్పారు. ఆవిడ మాల వేసుకుని నీసు మానేసి చాలా ఏళ్ళయింది. అతను దానికీ అదే నవ్వుతో, "నో ప్రాబ్లం అమ్మా" అన్నాడు.

అతను వెళ్ళగానే ఆవిడ నా వైపు వంగి, "ఈ పిలగాడు ఏది చెప్పినా ప్రాబ్లం లేదంటడు. ఒక్కదానికన్న ప్రాబ్లం ఉన్నదంటే నాకు ధైర్యముండు" అన్నారు. నా మనసులో ఉన్నది అచ్చంగా అదే.

అతను గట్టు దగ్గరికి వెళ్ళి వంటగదిలోకి గట్టిగా ఏదో చెప్పాడు. నాకు సగమే వినిపించింది. మా అమ్మాయికి మాత్రం మొత్తం వినిపించింది. కుర్చీలో నిటారుగా అయింది.

"అమ్మా, ఆయన 'నో బాదామ్' అన్నాడు."

"బాదామా?"

"ఔను. పల్లీ అనలేదు. బాదామ్ అన్నాడు."

లోపలివాళ్ళు బాదం పప్పులు పక్కన పెట్టి, వేరుశనగ గుప్పెడు చల్లి పంపితే? నేను కుర్చీ వెనక్కి జరిపాను. మా అమ్మాయి నా భుజం మీద చెయ్యి వేసి ఆపింది.

"నువ్వు కూర్చో. నేను చెప్తా."

"నీకు తెలీదులే, నేను..."

"అమ్మా. ఎలర్జీ నాకు. నేను చెప్తా."

అని లేచి నడిచింది. నేను లేవబోతే మావారు నా చెయ్యి పట్టుకున్నారు. "పోనియ్యి. చూద్దాం" అన్నారు మెల్లగా. నేను కూర్చున్నాను గానీ సగం కుర్చీ మీదే.

గట్టు అవతల పొయ్యి దగ్గర ఒకావిడ ఉంది. నలభై ఏళ్ళుంటాయేమో, తలకి నల్లగుడ్డ కట్టుకుని, మోచేతుల దాకా చొక్కా చేతులు మడుచుకుని ఉంది. వంటకి పెద్ద ఆవిడే. మా అమ్మాయి ముందుకి వంగి, గట్టు మీద మోచేతులు ఆనించి మాట్లాడింది. నాకు ప్రతి మాటా వినిపించింది.

"ఆంటీ, నాకు బాదం పడుతుంది. పల్లీలు పడవు. వేరుశనగ, మూంగ్‌ఫలీ, పీనట్, అన్నీ ఒకటే. చిన్న ముక్క కడుపులోకి పోయినా ఊపిరాడదు. అందుకే నేను ఇంతవరకు హోటల్లో తినలేదు. ఇవాళ నా బర్త్‌డే."

ఆ మాటలన్నీ నావే. ఇన్నేళ్ళుగా పెళ్ళి పందిళ్ళలో, స్కూలు ఆఫీసుల్లో, చుట్టాల ఇళ్ళల్లో నేను చెబుతూ వచ్చినవే. కానీ దాని గొంతులో అవి ఎంత తేలిగ్గా, ఎంత సూటిగా ఉన్నాయో! బతిమాలడం లేదు, సంజాయిషీ లేదు. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అదే సమయంలో చప్పట్లు కొట్టాలనీ అనిపించింది.

ఆ వంటావిడ పొయ్యి ఆర్పేసింది. చేతులు తుడుచుకుని గట్టు దగ్గరికి వచ్చింది.

"బాదం కాదా? పల్లీనా? మంచిగ చెప్పినవ్ బిడ్డా. లేకుంటే నేను బాదమే అనుకుంటుంటి. ఇప్పుడు మొత్తం చెప్పు. వాసనకు కూడా అయితదా, తింటేనే అయితదా?"

"తింటేనే."

"జీడిపప్పు?"

"పడుతుంది."

"నువ్వులు?"

"రోజూ తింటా. ఆంటీ, మీరు ఏ నూనె వాడతారు?"

ఆవిడ కనుబొమ్మలు పైకెత్తి, వెనక్కి తిరిగి, నూనె డబ్బా ఎత్తుకొచ్చి గట్టు మీద పెట్టింది. "తవుడు నూనె. చదువుకో."

మా అమ్మాయి డబ్బా మీద చిన్న అక్షరాలు కూడా చదివి తల ఊపింది. ఇక నేను ఆగలేకపోయాను. మావారి చెయ్యి విడిపించుకుని వెళ్ళాను. నా వెనకే మా అత్తగారు కూడా సంచి భుజాన వేసుకుని వచ్చేశారు.

ఆర్డరు తీసుకున్నతను అప్పటికే అక్కడ ఉన్నాడు. ముఖం వాడిపోయి ఉంది. "మేడమ్, మా దగ్గర బాదామ్ అంటే మూంగ్‌ఫలీయే. రైళ్ళలో అమ్మేది అదే. నేను సరిగ్గానే చెప్పాననుకున్నాను" అన్నాడు హిందీలో. వంటావిడ నవ్వి, "నీ ఊళ్ళె సరే తమ్ముడూ, నా ఊళ్ళె బాదం అంటే బాదమే కద" అని హిందీలో చెప్పి, "ఇగ నుంచి మన కిచెన్ల 'పీనట్' అనే అందాం. సరేనా?" అంది.

నాకు అతని మీద రావలసినంత కోపం రాలేదు. పెళ్ళయి ఈ ఊరొచ్చిన కొత్తలో నేను కిరాణా కొట్టుకి వెళ్ళి వేరుశనగ గుళ్ళు ఇవ్వమంటే, అతను శనగలు పొట్లం కట్టి ఇచ్చాడు. నేను ఇంటికి తెచ్చి, మా అత్తగారి ముందు విప్పి, ఇవి కావు అని ఏడుపు ముఖం పెట్టాను. ఆవిడ నవ్వి నాకు నేర్పిన మాటే 'పల్లీ'. ఒక్క తెలుగులోనే ఇన్ని పేర్లుంటే, పాపం బెంగాల్ నుంచి వచ్చినవాడు ఏం చేస్తాడు?

"చూడక్కా" అంది వంటావిడ నాతో. "నేను గీ ఆరాంఘర్ దగ్గర్నే ఉంట. బ్యాంకాక్ వంట మీదనే ఇన్నేండ్లు బతికిన. నేను కాదనేవి ముందు చెప్త. ప్యాడ్ థాయ్ నూడుల్స్ ఇయ్య. దాని మీద చల్లే పల్లీల పొడి పక్కనే ఉంటది, ఆడీడ ఎగురుతది. పుల్లలకు గుచ్చి కాల్చే సాతే ఇయ్య, దాని సాస్ పల్లీలదే. బొప్పాయి సలాడ్ చేసే చెక్క రోలు ఉన్నది చూడు, దాంట్ల రోజూ పల్లీలు దంచుతం. కడిగినా చెక్క పీల్చుకుంటది. నేను గ్యారంటీ ఇయ్యలేను."

హోటల్లో వరసగా 'ఇయ్య, ఇయ్య' అని వింటూ అంత సంతోషపడిన మనిషి ఆ రోజు హైదరాబాదు మొత్తం మీద నేనొక్కదాన్నే అయ్యుంటాను. ఇన్నాళ్ళూ నాకు కావలసింది ఇదే. ప్రతిదానికీ తల ఊపే మర్యాద కాదు. ఇది కుదురుతుంది, ఇది కుదరదు అని తేల్చి చెప్పే మనిషి.

"మరి గ్రీన్ కర్రీ?" అంది మా అమ్మాయి గట్టు అంచు పట్టుకుని.

"అది చేస్త. దాంట్ల పల్లీ పడదు. కొత్త కడాయి, కొత్త గరిటె తీస్త. నీ వంట అయ్యేదాక ఈ పొయ్యి మీద ఇంకోటి పెట్టను. సరేనా?"

"సరే!" అది అరిచినంత పని చేసింది.

ఇప్పుడు మా అత్తగారి వంతు. "మరి నాకో? చేప, రొయ్య లేకుండ ఏమున్నది?"

వంటావిడ ముఖం కాస్త ఇబ్బందిగా పెట్టింది. "గదే చెప్దామనుకుంటున్న పెద్దమ్మా. మా కూరల ముద్దలో ఎండురొయ్యలు నూరి కలుపుతం. కూరగాయల కూర అన్నా గదే ముద్ద. సలాడ్‌లో కూడా చేపల నీళ్ళు పోస్తం, ఉప్పు బదులు."

"చేపల నీళ్ళా!" మా అత్తగారు తులసిమాల పట్టుకున్నారు. "గా పిలగాడు నో ప్రాబ్లం అనె గదా!"

"అందుకే చెప్తున్న. నీకు ముద్ద వేరే నూరుత. జర టైమ్ పడ్తది. కూసుంటవా?"

"కూసోను. చూస్త."

నిజంగానే చూశారు. వంటావిడ లోపల నుంచి మసాలాలు నూరే రాతిరోలు తెచ్చి గట్టు మీద పెట్టింది. దాంట్లో పల్లీ, రొయ్య ఎప్పుడూ వేయలేదని చెప్పి, మా ముందే మళ్ళీ వేడినీళ్ళతో కడిగింది. పచ్చిమిరపకాయలు, నిమ్మగడ్డి, కొత్తిమీర వేళ్ళు, అల్లంలా ఉండే ఇంకేదో దుంప, నిమ్మాకులు. ఒక్కొక్కటి పడుతుంటే ఒక్కొక్క వాసన లేచింది. రోకలి దెబ్బకి గట్టు మీద గ్లాసులు ఎగిరాయి. మా అత్తగారు ఒక నిమ్మగడ్డి కాడ అడిగి తీసుకుని, వేళ్ళతో నలిపి, మనవరాలి ముక్కు దగ్గర పెట్టారు. ఇద్దరూ ఒకేసారి కళ్ళు మూసుకున్నారు.

"సలాడ్ కూడా ఈ రోట్లెనే చేస్త" అంది వంటావిడ. "చేపల నీళ్ళ బదులు ఉప్పు, చింతపండు. కానీ పల్లీలు లేకపోతే పంటి కింద పలుకు తగలదు, జర సప్పగుంటది."

"నువ్వులు ఎయ్యరాదు?" అన్నారు మా అత్తగారు వెంటనే. "ఎర్రగ ఏంచి, సగం నలగ్గొట్టి. మొత్తం పొడి చెయ్యకు. మా ఇంట్ల పల్లి ఎయ్యాల్సిన కాడల్లా నువ్వులే."

వంటావిడ ఆగి ఆలోచించింది. తర్వాత ఒక చిన్న మూకుడు పొయ్యి మీద పెట్టి నువ్వులు పోసింది. అవి చిటపటలాడుతుంటే మా అత్తగారు గట్టు ఇవతల నుంచే "చాలు, దించు, దించు" అన్నారు. ఆవిడ దించింది. పచ్చిబొప్పాయి తురుము, టమాటా, చిక్కుడు లాంటి పొడవు కాయలు, బెల్లం, నిమ్మరసం అన్నీ వేసి దంచి, ఆ నువ్వులు కలిపి, ఒక చెంచా మా అత్తగారి అరచేతిలో పెట్టింది. రెండో చెంచాతో తను రుచి చూసింది. ఇద్దరూ నములుతూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"కారం సరిపోలే" అన్నారు మా అత్తగారు.

"నువ్వు తినగలిగితే ఏస్త" అంటూ ఆవిడ ఇంకో రెండు మిరపకాయలు విరిచి రోట్లో వేసింది.

మేం బల్ల దగ్గరికి వచ్చి కూర్చున్నాం. చుట్టూ జనం చేరుతున్నారు. పెట్టెలతో నేరుగా ఎయిర్‌పోర్టు నుంచి వచ్చినవాళ్ళు, ఫ్లైటుకి టైమ్ చూసుకుంటూ తినేవాళ్ళు. ఆర్డరు తీసుకున్నతనే మా గిన్నెలు స్వయంగా తెచ్చాడు. బల్ల మీద పెట్టే ముందు, "నో పీనట్" అన్నాడు మా అమ్మాయి కళ్ళలోకి చూసి. అది "థాంక్యూ అన్నా" అంది. అతను వెళ్ళి, మా వెనక బల్ల వాళ్ళకి వెళ్తున్న ప్యాడ్ థాయ్ పళ్ళేన్ని మా బల్ల పక్కగా తేకుండా, అటు చుట్టూ తిప్పి తీసుకువెళ్ళమని ఇంకొకతనికి సైగ చేశాడు. ఆ మాట అతనికెవరూ చెప్పలేదు.

గ్రీన్ కర్రీ లేత ఆకుపచ్చగా, పైన తులసి లాంటి ఆకులతో, పొగలు కక్కుతూ ఉంది. మా అమ్మాయి చెంచా ముంచింది. నేను సంచి జిప్పు తీసి ఒళ్ళో పెట్టుకున్నాను. మావారు మంచినీళ్ళ గ్లాసు పట్టుకుని తాగడం మర్చిపోయారు.

ముందు చెంచా కొసతో కొంచెం నాలుక మీద పెట్టుకుంది. మేం నేర్పిన పద్ధతే. ఆగింది. అందరం ఆగాం. పెదవులు చూశాను, మెడ చూశాను, చేతులు చూశాను. కొంతసేపటికి అది నా వైపు తిరిగి, "అమ్మా, ఏం లేదు" అని, నిండు చెంచా నోట్లో పెట్టుకుంది.

ఆ ముఖం నేను ఎలా రాయాలి? కళ్ళు పెద్దవయ్యాయి. చెయ్యి గాల్లో ఆగింది.

"వాసన కంటే బాగుంది" అంది చివరికి.

అంతే, ఆ తర్వాత బల్ల మీద ఎవరు ఏం మాట్లాడారో నాకు సరిగ్గా గుర్తు లేదు. అందరం ఒకేసారి మాట్లాడాం. మావారు కూరలో అన్నం కలుపుకుని చేత్తో తిన్నారు. నేను కూడా చెంచా పక్కన పెట్టేశాను. కొబ్బరిపాల తీపి ముందు వస్తుంది, వెనకాలే మిరపకాయ ఘాటు వచ్చి చెవుల దాకా పాకుతుంది. మా అత్తగారు చెమటలు తుడుచుకుంటూ, ముక్కు ఎగబీలుస్తూ, సలాడ్ గిన్నె తన వైపే లాక్కున్నారు. "కారం చాలా అత్తయ్యా?" అని అడిగితే, "ఇగ సరిపోయింది" అన్నారు కళ్ళనీళ్ళతో. సగం తిన్నాక ఆవిడకి ఏదో గుర్తొచ్చింది. సంచిలోంచి జొన్నరొట్టె తీసి, తుంచి, తన ఆకుపచ్చ కూరలో ముంచుకుని తిన్నారు.

"అమ్మా!" అన్నారు మావారు తల పట్టుకుని.

"తిని చూడురా ముందు."

మావారు తిన్నారు. ఇంకో ముక్క అడిగారు. చివరికి ఆ రొట్టె ఒకటి వంటగది గట్టు మీదికి కూడా వెళ్ళింది. వంటావిడ పని మధ్యలోనే తుంచి తిని, దూరం నుంచి బొటనవేలు చూపించింది.

మామిడిపండ్ల కాలం. ఆఖరున జిగురన్నంతో మామిడిపండు ముక్కలు, పైన కొబ్బరిపాలు వచ్చాయి. ఒక చిన్న కొవ్వొత్తి కూడా గుచ్చారు. "మామిడిపండు అన్నంల కలుపుకునుడు మాకేం కొత్త?" అన్నారు మా అత్తగారు, కానీ గిన్నె అడుగు కనిపించేదాకా చెంచా వదల్లేదు. వెళ్ళేముందు మా అమ్మాయి గట్టు దగ్గరికి వెళ్ళి వంటావిడకి చెయ్యి ఇచ్చింది. ఆవిడ చెయ్యి తుడుచుకుని గట్టిగా పట్టుకుని ఊపి, "ఎక్కడికి పోయినా గిట్లనే అడుగు. సిగ్గుపడకు. చెప్పలేనోళ్ళ దగ్గర తినకు" అంది.

బయట ఎండ మండిపోతోంది. ఇంటికి వెళ్ళకుండా మావారు కారుని ఎయిర్‌పోర్టు గోడ వైపు తిప్పారు. అక్కడ రోడ్డు పక్కన బండ్లు ఆపుకుని విమానాలు చూసేవాళ్ళు ఉంటారు. మేమూ ఒక చెట్టు నీడన ఆపాం. మా అత్తగారు ముందు సీట్లో కూర్చుని కూర్చునే కునుకు తీశారు. నేను వెనక మా అమ్మాయి పక్కన ఉన్నాను. దాని పెదవుల వైపు, మెడ వైపు నా కళ్ళు పోతూనే ఉన్నాయి. తిన్నాక ఇంతసేపు గడిస్తే భయం లేదని డాక్టరమ్మ చెప్పిన సమయం దాటిపోయిందని తెలుసు. అయినా చూస్తున్నాను.

"అమ్మా" అంది అది, కిటికీలోంచి తల తిప్పకుండానే. "నన్ను చూడకు. అటు చూడు, దిగుతోంది."

దూరంగా ఒక తెల్లటి విమానం ఎండలో మెరుస్తూ వంగి వస్తోంది. చూశాను. అది నేలను తాకగానే చక్రాల దగ్గర కాస్త పొగ లేచింది.

"వచ్చే నెల ఇటాలియన్‌కి పోదామా?" అంది మా అమ్మాయి. "ఫోన్ నేనే చేస్తా."

ముందు సీట్లోంచి, నిద్రలో ఉన్నారనుకున్న వాళ్ళ నానమ్మ కళ్ళు తెరవకుండానే అడిగారు: "దాంట్ల చేపల నీళ్ళు ఉంటయా?"